కుడివైపు గడి ఖాళీగా ఉండరాదు

మా సింగరాజుపేటలో ఈసారి మునిసిపల్ ఎన్నికలు నిష్పక్షపాతంగా జరపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పోయినసారి వచ్చిన పర్యవేక్షణాధికారి ఒక పార్టీ నాయకుడి ఇంట్లో ఉప్మా తిన్నాడని రెండో పార్టీవాళ్ళు ఫిర్యాదు చేసి, వారం తిరక్కుండా ఆయన్ని బదిలీ చేయించారు. ఆ సంగతి తెలిసే కాబోలు, ఈసారి వచ్చిన మండా విశ్వేశ్వరరావుగారు ఊళ్ళో ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

నేను మునిసిపల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. పేరు లింగరాజు. ఎన్నికలయ్యేదాకా నన్ను ఆయన కింద వేశారు. ఆయన చెడ్డవాడని ఈ కథలో ఎక్కడా చెప్పబోవడం లేదు. లంచం ముట్టేవాడు కాదు, కేకలేసేవాడు కాదు, నాలాంటి వాణ్ణి కూడా మీరు అనేవాడు. ఆయనకున్న భయమల్లా ఒక్కటే, ఎవరైనా తనని ఒక పక్షం వాడనుకుంటారేమోనని.

మా ఊళ్ళో ఉన్నవి రెండే పక్షాలు. ఒకటి రోలు గుర్తు పార్టీ, ఇంకొకటి చాట గుర్తు పార్టీ. రోడ్డు మీద రోలు నాయకుడు ఎదురై నమస్కారం పెడితే విశ్వేశ్వరరావుగారు తిరిగి పెట్టేవారు. పెట్టినవారు ఊరుకోక, ఆఫీసుకొచ్చి నాకో చీటీ రాసిచ్చేవారు: 'ఈ దినము మధ్యాహ్నము లోపల చాట గుర్తు వారికి ఒక నమస్కారము అందజేయవలెను.' నేను సైకిలెక్కి వెళ్ళి అందజేసి వచ్చేవాణ్ణి.

వచ్చిన మూడో రోజున బెదిరింపుల ఫిర్యాదుల కోసం ఆయన ఒక ఫారం తయారుచేయించారు. దాంట్లో రెండు గళ్ళు. ఎడమవైపు గడిలో మొదటి పక్షం చేసిన బెదిరింపు రాయాలి. కుడివైపు గడిలో రెండో పక్షం చేసిన బెదిరింపు రాయాలి. అడుగున చిన్నక్షరాలతో, ఏ గడి ఖాళీగా ఉన్నా ఫారం స్వీకరించబడదని ఉంది. దాంతోపాటు ఒక సర్క్యులరు కూడా నాచేత టైపు చేయించారు. 'బెదిరింపు అనునది ఏకపక్షముగా సంభవించు విషయము కాదు. చప్పట్లకు రెండు చేతులు అవసరమైనట్లే, ప్రతి బెదిరింపునకును ఉభయ పక్షముల భాగస్వామ్యము ఉండును.'

చెంపదెబ్బకి ఒక చెయ్యి చాలు కదా అని నాకనిపించింది. కానీ జూనియర్ అసిస్టెంటుకి అనిపించినవి ఫైల్లో పెట్టరు.

ఆ ఫారం మొదట వాడింది బొమ్మాళి దమయంతి.

ఆవిడ పదకొండో వార్డులో చాట గుర్తు మీద నిలబడింది. వార్డు ఆడవాళ్ళకి కేటాయించారు. ముప్పై మూడేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో ఏఎన్‌ఎంగా చేసి రిటైరైంది. ఊరంతా నర్సమ్మ అంటారు. ఆవిడ చేత సూది పొడిపించుకోకుండా పెద్దవాడైన మనిషి ఆ వార్డులో లేడు. భర్త సూర్యనారాయణకి బజారు చివర పిండిమర ఉంది.

ఆవిడకి పోటీగా రోలు గుర్తు మీద నిలబడింది కలిశెట్టి పార్వతి. ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. నోరెత్తి గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. అసలు పోటీలో ఉన్నది ఆవిడ మామగారు సింహాద్రినాయుడు. పోస్టర్లో పార్వతి బొమ్మ అగ్గిపెట్టంత, మామగారి బొమ్మ గుమ్మమంత.

నామినేషన్లు వెనక్కి తీసుకోవడానికి ఇంకా రెండు రోజులుందనగా, ఉదయం ఏడింటికి నర్సమ్మ ఇంటికి ఐదుగురు వచ్చారు. ముందున్నవాడు తవిటినాయుడు, సింహాద్రినాయుడి మనిషి. చేతిలో నామినేషను ఉపసంహరణ కాయితం ఉంది. పేరు, వార్డు, తేదీ అన్నీ శ్రద్ధగా నింపి, సంతకం ఒక్కటీ ఆవిడకి వదిలిపెట్టారు. గుమ్మం మీద పిండిమర బెల్టు, మూడు ముక్కలుగా కోసింది, పెట్టారు. తవిటినాయుడు గొంతు కూడా పెంచకుండా, ఇవాళ బెల్టుతో సరిపోయింది, రోజూ మరలో చెయ్యి పెట్టేది మీ ఆయనే కదా, కాస్త ఆలోచించుకోండి అని చెప్పాడట.

ఆవిడ కాయితం మీద సంతకం పెట్టలేదు. ముందు పోలీసుస్టేషనుకి వెళ్ళింది. ఎన్నికల కాలం కాబట్టి పర్యవేక్షణ ఆఫీసు నుంచి 'స్వీకరించడమైనది' అని ముద్ర వేయించుకొస్తే తప్ప కేసు కట్టలేనని ఎస్సై అన్నాడు. పది గంటలకి భార్యాభర్తలిద్దరూ సిమెంటు సంచిలో బెల్టు ముక్కలు వేసుకుని మా ఆఫీసుకొచ్చారు.

విశ్వేశ్వరరావుగారు లేచి నిలబడి కుర్చీ చూపించారు. ఫారంలో ఎడమవైపు గడి అంతా ఓపిగ్గా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ ఆవేదనతో ఈ కార్యాలయము సంపూర్ణముగా ఏకీభవించుచున్నదమ్మా. అయితే కుడివైపు గడి ఖాళీగా ఉన్నది."

తామేమీ చెయ్యలేదని, రాయడానికేమీ లేదని ఆవిడ చెప్పింది. అలా ఉండడానికి వీల్లేదని, ఒకటికి రెండుసార్లు గుర్తు తెచ్చుకోమని ఆయన చెప్పారు. వాళ్ళొచ్చినప్పుడు మీరేమన్నారు అని అడిగారు. కూర్చోమన్నానని ఆవిడంది. అది చాలదన్నారు. ఇంకా ఏమన్నారు అని గుచ్చిగుచ్చి అడిగితే, ఆవిడ కాసేపు ఆలోచించి నిజం చెప్పింది. తవిటినాయుడితో, 'నీకు పొంగు వచ్చినప్పుడు సూదేసిందాన్ని నేనేరా' అన్నదట.

విశ్వేశ్వరరావుగారి ముఖం వికసించింది. కుడివైపు గడిలో తన చేత్తోనే రాశారు: 'పదునైన ఆయుధమును ప్రస్తావించుట.'

సాయంత్రానికి రెండు పక్షాలకీ ఒకే నోటీసు, ఒకే కార్బను కాయితం కింద పెట్టి కొట్టాను. మీరు ఉభయులును పరస్పర బెదిరింపులకు పాల్పడుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది, సంయమనము పాటించవలెను అని. ఉభయుల తప్పు అని తేలినప్పుడు ముద్ర వేయడమనే ప్రశ్న ఉండదు కాబట్టి ముద్ర వెయ్యలేదు. ముద్ర లేదు కాబట్టి పోలీసు కేసు లేదు.

నోటీసు ఇవ్వడానికి వెళితే ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. వాళ్ళకి నోటీసొచ్చిందని సంతోషించనా, నాకూ వచ్చిందని ఏడవనా లింగరాజూ అని అడిగింది. రెండూ సమానంగా చెయ్యమన్నాను. అప్పటికి నేనూ ఆ ఆఫీసు మనిషినైపోయాను మరి.

ఇంత జరిగాక కూడా ఎందుకు నిలబడ్డావని ఎవరో నర్సమ్మని అడిగితే, రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి జడిస్తే ఎలా అందట. ఎదుటి పార్టీ గుర్తు రోలు కావడంతో, ఆ మాట మీద కూడా ఒక ఫారం వచ్చింది. సామెత రూపంలో ప్రత్యర్థి గుర్తును అవమానించినట్టు మేము నమోదు చేశాం.

తర్వాత రోజుల్లో రోలు పార్టీవాళ్ళకి ఒక సంగతి బోధపడింది. ఒక పని చేసినందుకు తమకొక నోటీసు, చెయ్యనందుకు ఎదుటివాళ్ళకొక నోటీసు. ఇంతకంటే చవగ్గా ఇంకెక్కడ దొరుకుతుంది? దాంతో రోజూ మధ్యాహ్నం పన్నెండు మోటారు సైకిళ్ళు సైలెన్సర్లు పీకేసి నర్సమ్మ ఇంటి చుట్టూ తిరగడం మొదలెట్టాయి. ఆవిడ ఫిర్యాదు తెచ్చింది. ఆ చప్పుడు వినబడినప్పుడు మీరేం చేశారు అని విశ్వేశ్వరరావుగారు అడిగారు. కిటికీలు మూసుకున్నామంది. కుడివైపు గడిలో 'కిటికీ తలుపులను ధ్వని వచ్చునట్లు మూయుట' అని పడింది.

ఆ తర్వాత దెబ్బలాట. దాన్ని దెబ్బలాట అని మా ఫారమే అంటుంది. కొబ్బరికాయల గవర్రాజు నర్సమ్మకి పోలింగ్ ఏజెంటుగా ఒప్పుకున్నాడు. వారపుసంతలో నలుగురు చుట్టుముట్టి కర్రతో కొడితే అతని ఎడమచెయ్యి విరిగింది. అదే దెబ్బకి కర్ర కూడా విరిగింది. చెయ్యి విరిగినవాడు ఉదయం వచ్చి ఫారం నింపాడు. కర్ర విరిగినవాడు మధ్యాహ్నం వచ్చి నింపాడు. విశ్వేశ్వరరావుగారు రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, చెరొకటి విరిగినందున విషయము సమసిపోయినది అని రాశారు. చెయ్యి అతుక్కుంటుంది గానీ కర్ర అతుక్కోదు కనుక, నిజానికి రెండో పక్షం పట్లే కొంత ఉదారంగా ఉండవలసి వచ్చిందని నాతో అన్నారు. ఆ మాట వెటకారంగా అన్లేదు. నిజంగానే బాధపడుతూ అన్నారు.

జిల్లా సమీక్షలో మా ఊరికి మంచి పేరొచ్చింది. మిగతా పట్టణాల్లో ఒక పార్టీ మీద తొమ్మిది ఫిర్యాదులు, ఇంకో పార్టీ మీద ఒకటి, ఇలా ఎగుడుదిగుడుగా ఉంటే, మాది మాత్రం ఆరుకి ఆరు. ఇది ఎలా సాధ్యమైందో మిగతావారు నేర్చుకోవాలని పై అధికారి మెచ్చుకున్నాడట. విశ్వేశ్వరరావుగారు ఆ రోజు నాకు టీ ఇప్పించారు.

అయితే మర్నాడే రోలు పార్టీవాళ్ళు ఏడోది చేశారు. నర్సమ్మ కరపత్రాలు పంచుతున్న ఇద్దరు ఆడవాళ్ళ చేతుల్లోంచి కాయితాలు లాక్కుని, వాళ్ళ ముందే తగలబెట్టారు. ఎంత వెతికినా ఆ ఇద్దరూ చేసిన తప్పేమిటో దొరకలేదు. సాయంత్రం ఐదింటికి నివేదిక జిల్లాకి వెళ్ళాలి. మూడున్నరకి విశ్వేశ్వరరావుగారు నన్ను పిలిచి, మెల్లిగా, కాస్త సిగ్గుపడుతూనే ఒక పని అప్పజెప్పారు. నర్సమ్మ ఇంటికి వెళ్ళి, ఐదు లోపల ఎవర్నైనా ఒకసారి బెదిరించమని ఆఫీసు తరఫున కోరాలి. తీవ్రమైనది అక్కర్లేదు, స్వల్పమైనది చాలు.

నేను వెళ్ళేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని ఎవరి పాపకో చెవిలో చీము తుడుస్తోంది. వచ్చిన పని చెప్పాను. ఆవిడ దూది పక్కన పెట్టి నా వంక చూసింది.

"ఎవర్ని బెదిరించమంటావు బాబూ?"

మీ ఇష్టం అన్నాను. పోనీ నన్నే బెదిరించినా చెల్లుతుందని ఆశ కూడా పెట్టాను. ఆవిడకి కోపం రాలేదు. నీకు పిల్లలున్నారా అని అడిగింది. ఇద్దరున్నారని చెప్పాను. సాయంత్రం ఇంటికెళ్ళాక, ఇవాళ ఆఫీసులో ఏం పని చేశావు నాన్నా అని అడిగితే ఏం చెప్తావు అంది. నేను సైకిలెక్కి వచ్చేశాను. 'బెదిరించుటకు నిరాకరించి కార్యాలయ విధులకు ఆటంకము కలిగించుట' అని ఏడోది పూర్తిచేశారు విశ్వేశ్వరరావుగారు. ఆ రాత నేనే టైపు చేశాను. అక్షరాలు రెండుచోట్ల తప్పు పడ్డాయి. నా టైపులో తప్పులు పడడం అదే మొదటిసారి.

ఇదంతా ఒకవైపు సంగతి. రెండోవైపు చాట పార్టీలో ఏం జరిగిందో కూడా చెప్పాలి.

ఆ పార్టీకి ఊళ్ళో పెద్ద బొడ్డు అప్పలస్వామి, ఇటుకల బట్టీ ఆయన. గవర్రాజు చెయ్యి విరిగిన దగ్గర్నుంచీ ఆయన కుర్రాళ్ళు కుదురుగా లేరు. అప్పలస్వామి వాళ్ళని కూర్చోబెట్టి లెక్కగా చెప్పాడట. చేసినా నోటీసొస్తుంది, చెయ్యకపోయినా నోటీసొస్తుంది. ఏడు నోటీసులు ఏ పాపమూ చెయ్యకుండా తిన్నాం. తిన్నవాటికైనా పని జరగాలి కదా అన్నాడట. ఆ వాదనలో తప్పెక్కడుందో వెంటనే చెప్పడం ఎవరికైనా కష్టమే.

మర్నాడు పొద్దున్న సింహాద్రినాయుడు ప్రచారానికి వెళ్ళిన సమయం చూసి, నలుగురు పార్వతి ఇంట్లో జొరబడ్డారు. ఆవిడ మిషను దగ్గర కూర్చుని ఎవరిదో పెళ్ళి జాకెట్టు కుడుతోంది. మిషను బెల్టు లాగి, మూడు ముక్కలు కోసి, ఆవిడ ఒళ్ళో పడేశారు. మూడే ఎందుకంటే, లెక్క సరిపోవాలని. రేపు మిషను ఉండదు, ఎల్లుండి నీ వేళ్ళుండవు అని చెప్పి వెళ్ళారు. పార్వతికి అప్పుడు ఐదో నెల.

మన చేతకానితనం ఇవాళ్టితో తీరిపోయిందని అప్పలస్వామి కుర్రాళ్ళు నర్సమ్మ దగ్గరికి వచ్చి గొప్పగా చెప్పుకున్నారు. ఆవిడ విని చెప్పులు వేసుకుని బయల్దేరింది. కుర్రాళ్ళు వెనకాల నవ్వుకుంటూ రాబోతే, ఎవడైనా వస్తే వీపు పగుల్తుందని చెప్పి తిప్పి పంపింది. బెదిరింపంటే ఆవిడ నోటినుంచి వచ్చింది ఆ ఒక్కటే. అది మా ఫారం దాకా రాలేదు.

తర్వాత జరిగింది నాకు ఇద్దరూ వేర్వేరుగా చెప్పారు. గుమ్మంలో నర్సమ్మని చూడగానే పార్వతి మిషను వెనక్కి జరిగి, పొట్టకి రెండు చేతులూ అడ్డం పెట్టుకుందట. ముప్పై మూడేళ్ళు ఇంటింటికీ తిరిగాను, నన్ను చూసి పసిపిల్లలు ఏడ్చారు గానీ కడుపుతో ఉన్న పిల్ల ఎప్పుడూ జడవలేదు లింగరాజూ అంది నర్సమ్మ. లోపలికి వెళ్ళలేదు. గుమ్మం బయటే కూర్చుని, నాడి చూడనిస్తావా అని అడిగిందట. పార్వతి చాలాసేపటికి చెయ్యి చాపింది. నాడి చూసి, ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు తాగించి, బెల్టు ముక్కలు కొంగులో మూటగట్టుకుని నర్సమ్మ నేరుగా మా ఆఫీసుకి వచ్చింది.

ఫారం అడిగి తీసుకుంది. ఎడమవైపు గడిలో 'మా చాట పార్టీ వాళ్ళు' అని రాసి, నాలుగు పేర్లు, పంపించిన అప్పలస్వామి పేరు, అన్నీ రాసింది. కుడివైపు గడిలో ఒక గీత గీసింది.

విశ్వేశ్వరరావుగారు ఫారం అటూ ఇటూ తిప్పారు. ఫిర్యాదుదారూ ముద్దాయీ ఒకే పక్షం వారై ఉన్నారేమిటని అడిగారు. నిజం అదే కాబట్టి అంది. ప్రస్తుతం ఏడుకి ఏడు సమానంగా ఉన్నాయని, ఇది తీసుకుంటే మీ పక్షానికి ఎనిమిది అవుతాయని, మీకే నష్టమని ఆయన ఎంతో సానుభూతితో వివరించారు. పోనీ ఆ పార్వతిగారు వారినేమైనా అన్నారేమో కనుక్కుందామా అన్నారు.

"ఆ పిల్ల ఏమీ చెయ్యలేదు బాబూ. ఆ రోజు నేనెలా ఏమీ చెయ్యలేదో అలాగే. మా మర బెల్టు కోసినప్పుడు ఎవరు కోశారో రాయమన్నాను. ఇప్పుడూ అదే రాయమంటున్నాను. ఇప్పుడు కోసింది మావాళ్ళు."

"అమ్మా, ఈ కార్యాలయము త్రాసు వంటిది. ఉభయ పళ్ళెములను సమముగా నిలుపుట నా ధర్మము."

ఆవిడ తెలివితక్కువ పిల్లాడికి మందు ఎలా వేసుకోవాలో చెప్పినట్టు, నెమ్మదిగా చెప్పింది.

"మా మర దగ్గర కాటా ఉంది బాబూ. ఖాళీగా ఉన్నప్పుడు అది సమంగా నిలబడాలి. బియ్యం వేశాక కూడా కదలకపోతే అది పాడైపోయిందని పక్కన పడేస్తాం."

విశ్వేశ్వరరావుగారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను. భోజనానికి వేళైందని లేచి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు, ఈ ఫారం స్వీకరించబడదని ఆవిడతో చెప్పమని నాకు చెప్పారు.

ఆవిడ బల్ల ముందు నిలబడే ఉంది. కొంగులోంచి మిషను బెల్టు ముక్కలు కనిపిస్తున్నాయి. నేను సొరుగులోంచి తెల్లకాయితం తీసి, ఫారం మీదున్నది గళ్ళు లేకుండా దాని మీద టైపు చేశాను. కింద మొదటి రోజు మర బెల్టు సంగతి కూడా చేర్చాను, తవిటినాయుడు పేరుతో సహా. రెండూ ఒకే కాయితం మీద, ఎవరు చేసింది వాళ్ళ పేరున. ఆవిడ చదువుకుని సంతకం చేసింది. నేను 'స్వీకరించడమైనది' ముద్ర తీసి కొట్టాను. ముద్ర కొంచెం వంకరగా పడింది గానీ అక్షరాలు మాత్రం చదవడానికి వీలుగానే ఉన్నాయి.

ఆ వార్త ఊళ్ళో పాకడానికి గంట పట్టలేదు. సొంతపార్టీకి వెన్నుపోటు పొడిచిందని అప్పలస్వామి ఆవిడ ఇంటి ముందున్న చాట జెండాలు పీకించేశాడు. ప్రచారానికి మనుషులు రావడం మానేశారు. నామినేషను వెనక్కి తీసుకునే గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి పేరు మాత్రం మిగిలింది.

మర్నాడు పదకొండింటికి పార్వతి మా ఆఫీసుకి వచ్చింది. ఒక్కతే నడిచి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. విశ్వేశ్వరరావుగారు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. సంచిలోంచి పెద్ద కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. గుడ్డలు కోసే కత్తెర. అంచు ఒకచోట విరిగి ఉంది.

"నర్సమ్మ ఇంటి మర బెల్టు రాత్రి ఎత్తుకొచ్చి మా పెరట్లోనే కోశారండి. తవిటినాయుడే కోశాడు. మా మావయ్య పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బెల్టు దళసరిగా ఉంది, కత్తి సరిగ్గా దిగలేదని నా కత్తెర అడిగారు. నేనిచ్చాను."

అంతవరకూ గొంతు బానే ఉంది. నేనిచ్చాను అన్నది మాత్రం రెండోసారి అంది, ఈసారి ఎవరికీ వినపడనంత చిన్నగా. ఆ తర్వాత, నేనూ రాసిస్తానండి, మావాళ్ళే చేశారని అంది.

మా ఆఫీసు చరిత్రలో అంత చక్కటి సమానం అంతకుముందెప్పుడూ కుదర్లేదు. ఒక పక్షం మనిషి వచ్చి తన పక్షం చేసింది చెప్పింది. రెండో పక్షం మనిషి వచ్చి తన పక్షం చేసింది చెప్పింది. అయితే ఏ గడిలో ఎవరిని పెట్టాలో విశ్వేశ్వరరావుగారికి అంతుపట్టలేదు. జిల్లాకి ఫోను చేసి సలహా అడిగారు. స్వపక్షము మీద స్వపక్షమువారు చేయు ఫిర్యాదుకు ఫారములో తావు లేదని, అవి ఆయా పార్టీల ఆంతరంగిక విషయములుగా పరిగణించి ముగించవలెనని అటునుంచి చెప్పారట. ఆయన ఆ మాటలు ఫోనులో ఒక్కొక్కటే తిరిగి చెబుతూ రాసుకుంటున్నంతసేపట్లో నేను పార్వతి చెప్పింది టైపు చేశాను. సంతకం పెట్టించాను. ముద్ర కొట్టాను. ఈసారి తిన్నగా పడింది.

పార్వతి వచ్చిందని తెలిసి, నిన్నటి కాయితం పట్టుకుని నర్సమ్మ వరండాలో ఎదురు చూస్తోంది. ఇద్దరూ కలిసి పోలీసుస్టేషనుకి నడిచి వెళ్ళారు. ఎండగా ఉందని నర్సమ్మ తన గొడుగు పార్వతి మీద పట్టింది. ఎదురెదురు అభ్యర్థులు ఒక గొడుగు కింద నడుస్తుంటే బజారంతా షాపుల్లోంచి బయటికి వచ్చి చూసింది. ఎస్సై ముద్రలు రెండూ వెలుతురుకి పెట్టి చూశాడు. ఇంక చెప్పడానికి సాకు లేదు. తవిటినాయుణ్ణి, అప్పలస్వామి కుర్రాళ్ళు నలుగురినీ తెచ్చి ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. మొదట అతనొక చివర, ఆ నలుగురూ ఇంకో చివర కూర్చున్నారట. మధ్యాహ్నానికి బెంచీ మీద నీడ తగ్గిపోయి దగ్గరికి జరగవలసొచ్చింది. సింహాద్రినాయుడూ అప్పలస్వామీ బెయిలు కాయితాలు పట్టుకుని ఒకేసారి వచ్చారు. ఆ తర్వాత పోలింగు దాకా పదకొండో వార్డులో మోటారు సైకిళ్ళ మోత వినబడలేదు.

పార్వతి పుట్టింటికి వెళ్ళలేదు. ఇంట్లోనే ఉంది. మామగారు ఆవిడతో మాట్లాడడం మానేశాడు గానీ, బొమ్మ పోస్టర్లో ఉంది కాబట్టి పంపించలేకపోయాడు. ఆవిడ కత్తెరని పోలీసులు సాక్ష్యంగా ఉంచుకున్నారు. కొత్తది కొనుక్కుని పెళ్ళి జాకెట్టు పూర్తిచేసింది.

ఎన్నికలో పార్వతి అరవై మూడు ఓట్లతో గెలిచింది. మనుషులకంటే గుర్తులకే ఓటేయడం మా ఊరి అలవాటు, దాన్ని ఒక్క సంఘటన మార్చదు. నర్సమ్మ ఓడిపోయింది. జెండాలు లేకుండా, మనుషులు లేకుండా, అన్ని ఓట్లు ఎలా వచ్చాయని మాత్రం రెండు పార్టీలవాళ్ళూ చాలా రోజులు మాట్లాడుకున్నారు. లెక్కింపు హాలు బయట నర్సమ్మ పార్వతిని చూసి, ఇంక నెలనెలా వచ్చి చూపించుకో అని మాత్రం చెప్పి, మర తెరవడానికి వెళ్ళిపోయింది.

విశ్వేశ్వరరావుగారు తుది నివేదికలో ఎన్నికలు పూర్తిగా నిష్పక్షపాతముగా జరిగినవని రాశారు. అది అబద్ధమని నేననను. ఆయన ఉద్దేశంలో అది నిజమే. వెళ్ళేముందు, అనుమతి లేకుండా రెండు ముద్రలు వేసినందుకు నాకు మెమో ఇచ్చారు. ఒక్కరికే ఇస్తే వివక్ష అనుకుంటారని, మా సెక్షన్లోనే పనిచేసే టైపిస్టు కృష్ణకుమారికి కూడా అదే మెమో ఇచ్చారు. ఆవిడ ఆ వారమంతా సెలవులో ఉంది.

నేను క్షమాపణ చెప్పుకుందామని ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అప్పటికే సంజాయిషీ రాసేసింది. రెండే వాక్యాలు.

'ముద్రలు వేసినది నేను కాదు, లింగరాజు. అవి వేయవలసిన ముద్రలే.'

విశ్వేశ్వరరావుగారు అది చదివి, ఈవిడ మీ తరఫునా, నా తరఫునా అని నన్నడిగారు. నాకు తెలియదన్నాను. బదిలీ మీద వెళ్ళేరోజున కూడా ఆయన ఆ కాయితాన్ని ఏ ఫైల్లోనూ పెట్టకుండా, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళారు.